గోధుమరంగు తీగ

ఆరో మూత తిప్పి, ఒక కన్ను మూసి, రెండో కంటితో బ్యాటరీ లోపలికి చూశాడు కుళ్లాయప్ప. పలకలు మునగడానికి ఇంకో గుక్కెడు నీళ్లు పట్టేలా ఉంది. డిస్టిల్డ్ వాటర్ సీసాను కుడిచేత్తో ఎత్తి, ఆ చెయ్యి వణుకుతుంది కాబట్టి ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకున్నాడు. ఒక్క చుక్క కూడా బయట పడలేదు. మూత బిగించి, తడిగుడ్డతో బ్యాటరీ ఒళ్లంతా తుడిచాడు.

ధర్మవరం స్టేషన్ రోడ్డులో ఆయన కొట్టు ఎంతంటే, కాళ్లు బారచాపుకుంటే రోడ్డు మీదికొచ్చేంత. మనిషి కూడా అంతే, ఎముకల మీద చొక్కా తగిలించినట్టుంటాడు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర జల్లెడలాగా చిల్లులే. యాసిడ్ చిందినప్పుడు తెలియదు, ఉతికినప్పుడు తెలుస్తుంది. వాటికి అతుకులు వేయడం భార్య మునియమ్మ ఏనాడో మానేసింది. గుండె బాగాలేదు, బ్యాటరీలు ఎత్తొద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. ఈత వచ్చేదాకా నీళ్లలో దిగొద్దన్నట్టుంది ఆ మాట. ఎత్తకపోతే పనెలా జరుగుతుంది?

ఫోను మోగింది. అవతల సోమక్క.

“అన్నా, బయల్దేరినావా? ఈడ అందరూ అవతల్నుంచి మూటలు తెచ్చుకోవాలని కూసోనుండారు.”

“వస్తాండా, వస్తాండా. సంచీ సర్దుకుంటాండా.”

సోమక్కది తాడిమర్రి అవతల, జలాశయం ఒడ్డున ఒక పల్లె. నీళ్లు నిలిచాక ఊరు ఈ గట్టున, చేలు ఆ గట్టున మిగిలాయి. చుట్టూ తిరిగి పోవాలంటే ఇరవై కిలోమీటర్లు, పడవలో అయితే పావుగంట. మొగుడు పోయినప్పటి నుంచి పడవను ఆమే నడుపుతోంది. అది పాతబడింది. అడుగున నీళ్లు ఊరుతున్నాయి, ఎన్ని అతుకులు వేసినా ఆగడం లేదు. ఒక మనిషి కూర్చుని డబ్బాతో తోడి పోస్తూనే ఉండాలి. పోయిన వారం తోడే మనిషి కునుకు తీశాడు, గట్టు దగ్గరే పడవ మునిగింది. మనుషులకేమీ కాలేదుగానీ శెనక్కాయ మూటలన్నీ తడిసిపోయాయి. ఈ రోజు తోడే మనిషి లేకుండా పడవ పోయి రాకపోతే, రేపటి నుంచి ట్రాక్టరు మాట్లాడుకుంటామని ఊరివాళ్లు తేల్చేశారు. జనం ఎక్కని పడవను సోమక్క ఏం చేసుకుంటుంది? అదే ఆమె చేను, అదే ఆమె ఇల్లు.

ఇంజను స్టార్టు చేసే బ్యాటరీకే ఒక చిన్న పంపు తగిలించి, నీళ్లు చేరగానే దానంతటదే తోడి పోసేలా చేయాలి. పంపు సోమక్కే తెచ్చిపెట్టుకుంది. నీళ్ల మట్టాన్ని బట్టి మోటారును తిప్పే, ఆపే ఫ్లోటు స్విచ్చి కొట్టులో కొత్తది ఉంటే, దాన్ని సంచీలో వేసుకుని కుళ్లాయప్ప తాడిమర్రి బస్సెక్కాడు.

అవతలి గట్టున పద్దెనిమిది మూటలు పడున్నాయి, ఈ గట్టున ఏడుగురు మనుషులు ఎదురు చూస్తున్నారు. వాళ్లలో పెద్దవాడు ఈరప్ప. నోట్లో చుట్ట, నోటినిండా వెటకారం.

“ఏమబ్బా, ఎప్పుడన్నా పడవ ఎక్కినావా నువ్వు?”

“బస్సెక్కినా కదప్పా. రెండూ పోయేటివే.”

పైకి అలా అన్నాడేగానీ, పడవ కాలికింద ఊగేసరికి కుళ్లాయప్ప రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. ఈత రాదు. అసలు ఈదేటన్ని నీళ్లు ఆయన ఎప్పుడు చూశాడని? నల్లమాడ దగ్గర ఒకప్పుడు నాలుగెకరాలు ఉండేది. మూడు బోర్లు వేశాడు, మూడింట్లోనూ దుమ్మే లేచింది. మూడోసారి మునియమ్మ కొత్త కుండకు పసుపు రాసి, మొదటి నీళ్లు పట్టుకోవడానికి ఇంటి దగ్గర పొద్దుగూకే దాకా కూర్చుంది. ఆ రోజు ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఊరు చుట్టూ తిరిగి తిరిగి ఇంటికెళ్లాడు. ఆ తర్వాతే పొలం వదిలి ధర్మవరం చేరి, బ్యాటరీల పని నేర్చుకున్నాడు.

పని మొదలుపెట్టాక భయం మరిచిపోయాడు. అడుగున నీళ్లన్నీ తోడించి, అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట పంపును మరలతో బిగించాడు. దానికి పైపు తొడిగి, పడవ అంచు మీదుగా బయటికి వంచాడు. పక్కనే ఫ్లోటు. బ్యాటరీ ప్లస్సు నుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి ఫ్లోటుకు, ఫ్లోటు నుంచి పంపుకు, పంపు నుంచి మళ్లీ మైనస్సుకు తీగ లాగాడు. చివరికి బ్యాటరీ బుడిపెలకు వ్యాజిలైన్ పూసి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

పంపు గుర్రుమంది. అందరూ గట్టు దిగి దగ్గరికొచ్చారు.

“నీళ్లు లేకుండానే తిరుగుతాందే?” అంది సోమక్క.

“ఉండు, నీళ్లు పోస్తే తెలుస్తాది.”

ఆమె రెండు బకెట్ల నీళ్లు పడవలోకి కుమ్మరించింది. ఫ్లోటు పైకి లేచింది. పంపు ఆగిపోయింది.

ముందు ఈరప్పే తేరుకున్నాడు. “భలే పంపబ్బా! మా అల్లుని మాదిరే ఉండాది. పని లేనప్పుడు ఎగురుతాడు, పనొస్తే పనుకుంటాడు.”

గట్టంతా నవ్వింది. కుళ్లాయప్ప ఫ్యూజు తీసి చూశాడు, అతుకులు లాగి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు పలక మీద పడున్న తీగ ముక్క కంటబడింది. గోధుమరంగు తీగ. చెంప మీద కొట్టినట్టయింది.

ఫ్లోటుకు మూడు తీగలుంటాయి. నల్లది ఎలాగూ కావాలి. దానికి తోడు నీలం తీగ కలిపితే నీళ్లు నిండగానే మోటారు ఆగుతుంది. గోధుమరంగు కలిపితే నీళ్లు నిండగానే మోటారు తిరుగుతుంది. నింపడానికి ఒకటి, ఖాళీ చేయడానికి ఒకటి. పాతికేళ్లుగా హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఎన్ని మిద్దెలెక్కి ఎన్ని ట్యాంకులకు ఫ్లోట్లు బిగించాడో! ఒక్క ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు నీళ్లు ఖాళీ చేయమని అడగలేదు. ఈ సీమలో అలా అడిగితే తలకాయ తిరిగిందంటారు. అందుకే కొత్త ఫ్లోటు చేతికి రాగానే గోధుమరంగు తీగను మొదటికంటా కోసి పారేయడం ఆయనకు అలవాటు. ఈ రోజు కూడా బుర్రను అడగకుండానే చెయ్యి ఆ పని చేసేసింది. గోధుమరంగు తీగ ఇప్పుడు ఫ్లోటు నుంచి శెనగ్గింజంత బయటికుంది, అంతే.

ఇంకో ఫ్లోటు కావాలంటే ధర్మవరం పోయి రావాలి. అంటే మూడు గంటలు. ఈరప్ప అప్పుడే ట్రాక్టరు కోసం ఫోను బయటికి తీశాడు.

“కాకపోతే చెప్పన్నా. నేనేమీ అనుకోను,” అంది సోమక్క మెల్లగా.

ఆమె తిట్టినా బాగుండేది. కుళ్లాయప్పకు మూడో బోరు గుర్తొచ్చింది. ఆ రోజూ ఎవరూ తిట్టలేదు.

“తప్పు నాదే సోమక్కా. చెయ్యి అలవాటున పోయింది. ఈరప్పా, ఆ ఫోను లోపల పెట్టు. ఇంకొక చుట్ట తాగు. అది అయిపోయేలోపల కాకపోతే, నీ ట్రాక్టరుకు నేనే మూటలెత్తుతా.”

బ్లేడుతో ఫ్లోటు తీగ పైతోలును నిలువుగా చీల్చి, వేలెడంత వెనక్కి వలిచాడు. లోపల గోధుమరంగు తీగ వేలెడు తేలింది. ఇక దాని కొస వలిచి రాగి తీయాలి. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. బ్లేడు రెండుసార్లు జారి బొటనవేలు కోసింది.

“ఈ మణికట్టు పట్టుకో సోమక్కా. గట్టిగా.”

పడవ నడిపి నడిపి బండబారిన చెయ్యి ఆమెది. పట్టుకుంటే ఇనుమే. కుళ్లాయప్ప బ్లేడు పక్కన పడేసి తీగ కొసను పళ్ల మధ్య పెట్టి లాగాడు. ఎర్రటి రాగి బయటపడింది. నీలం తీగను విప్పి, మడిచి పక్కన పెట్టి, దాని చోట ఈ రాగిని మెలివేశాడు, టేపు మూడు చుట్లు చుట్టాడు. పంపు చప్పుడు చేయలేదు. అది చప్పుడు చేయకూడదు కూడా, ఎందుకంటే ఈలోపే ఊరివాళ్లు అడుగునున్న నీళ్లు తోడేశారు.

“ఇప్పుడు పొయ్యి.”

ఆమె బకెట్లు కుమ్మరించింది. ఫ్లోటు లేచింది. పంపు గుర్రుమంది, పైపు పాములా మెలి తిరిగింది, దాని నోట్లోంచి బొటనవేలంత లావున నీళ్లు ఎగిరి అంచు దాటి దూకాయి.

ఎవరు ముందు చెయ్యి పెట్టారో తెలియదు. బోరులో నీళ్లు పడినప్పుడు మొదటి నీళ్లు తల మీద చల్లుకోవడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఏడుగురూ పైపు కింద చేతులు పెట్టి నెత్తిన చల్లుకున్నారు. అవి ఇంజను ఆయిలు కలిసిన మురికి నీళ్లని ఈరప్ప తెల్లజుట్టు మీద నల్లచారలు చూశాకగానీ తెలియలేదు. కుళ్లాయప్ప కూడా దోసిలి పట్టాడు. అన్ని నీళ్లు పారబోస్తున్నానే అని ఒక్కసారి మనసు కలుక్కుమంది. మళ్లీ తనకే నవ్వొచ్చింది. నీళ్లు పోయేది నీళ్లలోకే కదా! అడుగు ఆరగానే పంపు దానంతటదే ఆగింది. ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండూ దాచుకోలేదు.

పడవ అవతలికి పోయింది, పద్దెనిమిది మూటలతో తిరిగొచ్చింది. పోతూ నాలుగుసార్లు, వస్తూ ఐదుసార్లు పంపు పలికింది. పలికిన ప్రతిసారీ ఈరప్పే “పట్టుకునింది, పట్టుకునింది” అని అరిచాడు. గట్టు చేరగానే సోమక్క తోడే డబ్బాను తోమి, అందులోనే శెనక్కాయలు ఉడకేసి అందరికీ పెట్టింది. బోరు వేసినవాళ్లకు కప్పినట్టు ఒక కొత్త టువ్వాల తెచ్చి కుళ్లాయప్ప భుజాల మీద కప్పింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆయనకు టువ్వాల కప్పలేదు. కాసేపు దాన్ని అలాగే ఉంచుకుని, ఎర్రంచును వేళ్లతో తడిమి చూసుకున్నాడు. తర్వాత తీసి, మడత వేసి, బ్యాటరీ మీద పరిచాడు.

“పని చేసేది ఇది కదా. దీనికి ఎండ తగలగూడదు. తీయొద్దు సోమక్కా.”

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోగానే మునియమ్మకు ఫోను చేశాడు.

“మునియా, నీళ్లు పడినాయే!”

“యాడ?”

“పడవలో.”

“పడవలో నీళ్లు పడితే సంతోషమేందయ్యా నీకు?” ఆమె నవ్వింది. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. “ఇంటికొచ్చి చెప్తా. శానా ఉండాది చెప్పేది,” అని ఫోను పెట్టేసి, కిటికీకి తల ఆనించాడు.

ధర్మవరం బస్టాండులో అందరూ దిగారు, ఆయన దిగలేదు. నిద్రపోయాడనుకుని కండక్టరు భుజం తట్టాడు. రెండోసారి తట్టాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆ కబురు అందేసరికి సోమక్క అవతలి గట్టున మూటలెక్కిస్తోంది. ఫోను పట్టుకుని అక్కడే కూలబడి బోరున ఏడ్చింది. ఈరప్ప చుట్ట పారేసి, “లెయ్‌మ్మా. పడవ తిప్పు. ధర్మవరం పోయి సూసొస్తాం,” అన్నాడు. నీళ్ల మధ్యకు వచ్చాక పంపు తనంతట తాను మొదలైంది, అడుగంతా తోడి పోసింది, ఆగింది. ఈరప్ప ఈసారి అరవలేదు. బ్యాటరీ మీద ఎర్రంచు టువ్వాల మడత నలగకుండా అలాగే ఉంది, ఒక మూల మాత్రం నీటి తుంపరకు తడిసింది.