తల ఆనిస్తేనే కదిలే బండి

మా వ్యాను పాతది. ఎవరి దగ్గరో కుర్చీలూ బల్లలూ మోసీ మోసీ అలిసిపోయాక నా చేతికొచ్చింది. మా వదినను రోజు విడిచి రోజు డయాలసిస్‌కు తీసుకెళ్లేది అందులోనే. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి ఆవిడ. ఆలస్యమైతే ఆసుపత్రిలో ఆవిడ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ పూట రక్తం శుభ్రపడకపోతే మర్నాటికి ఊపిరి అందదు.

అలాంటి బండి ఒక్కోసారి మొరాయించేది. తాళం తిప్పితే ముందు దీపాలన్నీ వెలిగేవి, ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. అప్పుడు నేను స్టీరింగుకు నుదురు ఆనించి, దేవుణ్ణి తలుచుకుని, అలాగే వంగి తాళం తిప్పేవాణ్ణి. వెంటనే అందుకునేది. నా మొర ఆయనకు వినబడుతోందని లోలోపల కాస్త ధీమాగానే ఉండేది.

ఇంతలో నాకు కంటి ఆపరేషన్ ఖాయమైంది. కొన్నాళ్లు బండి ముట్టుకోవద్దన్నారు. నా బదులు బావమరిది నడుపుతానన్నాడు. అలవాటు కావాలని ఆపరేషన్‌కు వారం ముందే వదినను ఎక్కించుకుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. లేదు.

“బావా, దీనికి మొహం చూసి కదిలే జబ్బేమన్నా ఉందా?”

“దేవుణ్ణి తలుచుకుని తిప్పరా.”

“తలుచుకున్నా. ఆయనా పలకలేదు, ఇదీ పలకలేదు.”

వెనక సీట్లోంచి వదిన అంది: “ఒరేయ్, మీ భక్తి సంగతి సాయంత్రం తేల్చుకోండి. ముందు నన్ను చేర్చండి.”

నేనెక్కి నుదురు ఆనించి తిప్పాను. కదిలింది. కానీ వదినను ఆసుపత్రిలో దించేదాకా నాకు ఒకటే ఆలోచన. నేను మంచం మీదుంటే ఈవిడ గతేమిటి?

అక్కడినుంచి నేరుగా బండ్ల కరెంటు పని చేసే మేస్త్రి షెడ్డుకు వెళ్లాం. ఎప్పుడూ ఏదో గొణుగుతుంటాడని ఆయన్ని అందరూ సణుగుడు మేస్త్రి అంటారు. బ్యాటరీ చూశాడు, బాగుంది. దాని కొనలు గీకి బిగించాడు. ఇంజనును తిప్పి లేపే స్టార్టరుకు వచ్చే సన్న తీగకు చిన్న దీపం తగిలించాడు.

“స్టార్టరుకు కబురు తెచ్చేది ఈ తీగే. దీపం వెలిగిందా, కబురొచ్చినట్టు. తిప్పండి.”

తిప్పితే చక్కగా స్టార్టయింది. “డాక్టరు ముందు దగ్గు రాదంటారు, ఇదే,” అని సణిగాడు. ఆపి తిప్పి, ఆపి తిప్పి చూడగా చివరికి మొరాయించింది. దీపం వెలగలేదు.

“స్టార్టరు తప్పు లేదు. కబురే రావట్లేదు. ఇలా ఆగినప్పుడు మీరేం చేస్తారు?”

“దండం పెడతాడు,” అన్నాడు బావమరిది.

“నువ్వు నవ్వకయ్యా. రోజూ ఎలా పెడతారో అలాగే పెట్టండి.”

పెట్టాను. దీపం వెలిగింది, ఇంజను అందుకుంది. తల ఎత్తి తిప్పితే లేదు, ఆనిస్తే ఉంది. ఈసారి మేస్త్రి నన్ను దింపి, ఏ దండమూ లేకుండా స్టీరింగును అరచేత్తో కిందికి నొక్కి తాళం తిప్పాడు. స్టార్టయింది.

స్టీరింగు కింద మూత విప్పితే, తాళం వెనక ఒక తీగ కొన నల్లగా మాడి వదులై ఉంది. నా తల బరువుకు స్టీరింగు కాస్త దిగి, ఆ కొన తగులుకునేదన్నమాట. కొత్త కొన వేసి, స్టీరింగును పట్టి ఉంచే వదులైన బోల్టులు బిగించాడు.

నా మొహం చిన్నబోయింది. “ఇన్నాళ్లూ ఆయనే నడిపిస్తున్నాడనుకున్నాను.”

“అది నాకు తెలీదు. అందరూ బండిని తంతారు. తంతే ఎక్కడ తగిలిందో ఏం తెలుస్తుంది? మీరు తల ఆనించబట్టి దొరికింది.”

ఆపరేషనైన మర్నాడు కంటికి కట్టుతో మంచం మీదున్నాను. బయట బావమరిది తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది, బండి సందు మలుపు తిరిగింది. తీగ వదులైందని దేవుడు మొదటిరోజే చెప్పొచ్చుగా, ఇన్నాళ్లు నా నుదురెందుకు వాడుకున్నాడు? అడిగాను. జవాబు రాలేదు. కోపమూ రాలేదు. ఆయనకూ మేస్త్రికీ బావమరిదికీ కలిపి ఒకే దండం పెట్టాను. ఎవరి వాటా ఎంతో వాళ్లే చూసుకుంటారు.

కాసేపటికి ఫోన్ మోగింది.

“మంచం ఎక్కాన్రా, సూది కూడా పెట్టేశారు,” అంది వదిన. “నువ్విక పడుకో.”

పడుకున్నాను.