పౌడరు డబ్బాలో నలభై రెండు మాత్రలు

నా ఇంట్లో మనిషి ఎవరైనా మోసపోయి, సిగ్గుపడి, ఆ సంగతి నాకు చెప్పకుండా దాచుకుంటారేమోనని నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. దొంగ తలుపు విరగ్గొడితే వీధంతా లేస్తుంది. ఫోన్లోంచి వచ్చే దొంగను మనమే పిలిచి కూర్చోబెడతాం, వాడు పోయాక ఎవరికీ చెప్పం. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ దాపరికం ఎంత దూరం పోతుందో మా వెనక వీధిలో చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అనకాపల్లికి ఆటోలో ఇరవై నిమిషాలు పట్టే మా పల్లెలో, చెరకు నరకడం మొదలైతే కనకమహాలక్ష్మి తెల్లారకుండానే గానుగ దగ్గర ఉంటుంది. బెల్లం పాకం ఎప్పుడు దించాలో చెప్పడం ఆమె పని. పెనంలోంచి చుక్క తీసి నీళ్ళ గ్లాసులో వేస్తుంది, దాన్ని వేళ్ళ మధ్య ఉండ చేసి చూస్తుంది. ఒకప్పుడు నాలుక మీద కూడా పెట్టుకునేది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె వండించిన బెల్లం దిమ్మ గట్టిగా రాలేదన్న మాట లేదు. అయినా ఆమె ఒక్కతే చెప్పి పెనం దించనివ్వదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి తనే చూసి తనే దించమంది. పాకం ముదరలేదు. ఆ రోజు పోసిన దిమ్మలన్నీ మెత్తబడి, మార్కెట్టుకెళ్ళిన బండి వెళ్ళినట్టే తిరిగొచ్చింది. అప్పటినుంచి ఆమె ఉండ చేసి పక్కవాళ్ళకిస్తుంది. వాళ్ళు కూడా నలిపి చూసి సరే అంటేనే పెనం దిగుతుంది. పొగలో కళ్ళు మోసం చేస్తాయని, రెండో చెయ్యి పడాలని అంటుంది.

మూడేళ్ళ కిందట ఆమెకు సుగరు వచ్చింది. మా ఊరి సబ్‌సెంటర్లో నర్సు ఆరోగ్యమేరి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమని మాత్రలిస్తుంది. అప్పటినుంచి పాకం ఉండ వేళ్ళ దగ్గరే ఆగిపోయింది, నాలుక దాకా వెళ్ళలేదు. ఆమెకు అన్నం తగ్గించినందుకు బాధ లేదు, ఇదొక్కటే బాధ.

ఈ ఏడు మాత్రం ఆమె మళ్ళీ ఉండను నోట్లో వేసుకుంది. పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసే ఎర్రయ్య అది చూశాడు.

"ఏటి వదినా, సుగరు సెలవెట్టిందా?"

"నీకెందుకురా, నువ్వు మంట సూడు" అని ఆమె నవ్వేసింది.

టీ పట్టుకొచ్చిన కోడలు ధనశ్రీ కూడా చూసింది. అత్త కుడికాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉండటం కూడా చూసింది. చెరకు మోడు గుచ్చుకుందని అత్త చెప్పి పది రోజులు దాటింది. గుడ్డ ఇంకా ఉంది. ధనశ్రీ అడగబోయి ఆగిపోయింది. అత్త తినే తిండిని కోడలు లెక్కపెడుతోందని నలుగురూ అనుకుంటారని వెనక్కి తగ్గింది. తొమ్మిదో తరగతిలో ఆపేసిన చదువు, అత్తకు చెప్పేపాటిదాన్నా నేను అన్న జంకు కూడా ఉంది. ఆ జంకు మనలో చాలామందికి ఉంది.

అసలు జరిగింది ఇది. కొడుకు పైడిరాజు కొత్త ఫోను కొనుక్కుని పాత టచ్ ఫోను తల్లికిచ్చాడు. మధ్యాహ్నాలు ఆమె వంటల వీడియోలు చూసేది. వాటి మధ్యలో ఒకరోజు తెల్లకోటు డాక్టరు వచ్చాడు. ఈ పొడి ఇరవై ఒక్క రోజులు తాగితే చాలు, మాత్రలు పక్కన పెట్టేయొచ్చు, తీపి కడుపునిండా తినొచ్చు అన్నాడు. కింద సగం ధర అని ఉంది. ఇంకా పదకొండు నిమిషాలే అంటూ గడియారం తిరుగుతోంది. పార్సిలు ఇంటికొచ్చాకే డబ్బులివ్వండి అని కూడా రాసి ఉంది. ఇంటికొచ్చాక ఇచ్చే డబ్బుకు మోసమేముంటుందని ఆమె బటన్ నొక్కింది. డబ్బు ఇచ్చేదాకా డబ్బా మూత తియ్యనివ్వరని ఆమెకు తెలియదు.

మర్నాడు ఆ పొడి కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మా, కాళ్ళు మంటలు పుడుతున్నాయా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అడిగి చాలా కాలమైంది. కొడుకుకు కంపెనీలో షిఫ్టులు, కోడలికి మూడేళ్ళ పిల్లతో క్షణం తీరదు. కనకమహాలక్ష్మి ఆ గొంతుకు అన్నీ చెప్పుకుంది. చివర్లో ఆ అమ్మాయి, ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే చెప్పకండమ్మా, వాళ్ళు నమ్మక మిమ్మల్ని ఆపేస్తారు, తగ్గాక చెప్పి ఆశ్చర్యపరచండి అంది. మనకు మంచి చేసేవాళ్ళెవరూ మనవాళ్ళ దగ్గర దాచమని చెప్పరు. కానీ ఆ పూట ఆమెకు అది ప్రేమలాగే వినిపించింది.

పొడి వచ్చింది. మెంతుల వాసన, మట్టి వాసన. ఆమె దాన్ని పాత ట్రంకుపెట్టెలో పెట్టి, పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగేది. మాత్రల అట్ట ఖాళీ అవుతోందా లేదా అని ధనశ్రీ చూస్తుందని తెలుసు. కాబట్టి రోజూ పొద్దున్నే ఆ రోజువి రెండు మాత్రలూ నొక్కి బయటకు తీసేది. కానీ సర్కారు ఇచ్చిన మందును నేలపాలు చేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఖాళీ పౌడరు డబ్బాలో వేసి, మంచం కింద పెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం ధనశ్రీ పెరట్లో గిన్నెలు తోముతోంది. లోపల ఆమె కూతురు బుజ్జి, కొట్టు ఆట ఆడుకుంటోంది. "అమ్మా, పిప్పరమెంట్లు కావాలా?" అని పిలిచింది. ధనశ్రీ చేతులు కడుక్కుని లోపలికొచ్చి చూసేసరికి గచ్చు మీద పౌడరు డబ్బా బోర్లా పడి ఉంది. చుట్టూ తెల్లమాత్రలు. పిల్ల పెదవికి ఒక మాత్ర తడిగా అంటుకుని ఉంది.

ధనశ్రీ ఆ మాత్ర లాగేసి, పిల్ల నోట్లో వేలు పెట్టి తిప్పింది. నోట్లో ఏమీ లేదు. కడుపులోకి ఎన్ని పోయాయో ఎవరు చెప్పాలి? తిన్నావా అంటే బుజ్జి తలూపుతోంది, తినలేదా అన్నా తలూపుతోంది. పెరట్లోంచి అత్త కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

ధనశ్రీ ఇవి ఎక్కడివని అడగలేదు. "అత్తా, ఇందులో ఎన్నుండాలి?" అని మాత్రం అడిగింది.

తెలియదంటే సరిపోతుంది, అంతా కప్పబడిపోతుంది. లెక్క చెబితే ఇరవై ఒక్క రోజుల అబద్ధం బయటపడుతుంది. కనకమహాలక్ష్మి లెక్కే చెప్పింది.

"నలబై రెండుండాల. ఇరవై ఒక్క రోజులు, పొద్దున్నొకటి, మాపటికొకటి. ఒక్కటీ మింగలేదమ్మా నాను. నెక్కెట్టు, బేగి నెక్కెట్టు."

ఇద్దరూ గచ్చు మీద కూర్చుని లెక్కపెట్టారు. నలభై ఒకటి వచ్చాయి. మంచం కింద, చీపురు వెనక వెతికారు. మళ్ళీ లెక్కపెట్టారు. నలభై ఒకటే. ధనశ్రీ పిడికిలి విప్పింది. పిల్ల పెదవి మీంచి లాగిన తడిమాత్ర ఆ అరచేతికే అంటుకుని ఉంది.

నలభై రెండు.

అయినా ధనశ్రీ ఊరుకోలేదు, ఆరోగ్యమేరికి ఫోన్ చేసింది. ఆమె స్కూటీ మీద వచ్చి, ముందు పిల్లకు సుగరు చూసి, సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. పిల్లకు ఏమీ కాలేదు. ఈలోపు కనకమహాలక్ష్మి వేలికి సూది గుచ్చి చూస్తే మిషను మూడు వందల ఎనభై చూపించింది. గుడ్డ విప్పితే కాలి వేలు నల్లబడుతోంది. ఆ సాయంత్రమే అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంకో పది రోజులు ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టి, మాత్రలు మళ్ళీ వేయించి, పంపించాడు.

షిఫ్టు దిగి వచ్చిన పైడిరాజు కేకలేశాడు. ఈ వయసులో నీకు ఫోనెందుకని తల్లి చేతిలోది లాక్కున్నాడు. ధనశ్రీ అతని ముందు గొంతెత్తడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"ఫోనిచ్చెయ్యి మావా. నువ్వు లాక్కుంటే రేపు ఇంకోటి దాత్తాది. అత్త సెప్పబట్టే మన పిల్ల సంగతి తెలిసింది. తిడితే ఇంకెప్పుడూ సెప్పదు."

పైడిరాజు ఫోను తల్లి ఒడిలో పెట్టాడు.

అత్తాకోడళ్ళిద్దరూ ఆ ప్రకటన మళ్ళీ తెరిచారు. తొమ్మిదో తరగతి చదువు చాలు, నిదానంగా చూస్తే అన్నీ కనిపించాయి. డాక్టరు పెదవులు ఒకలా కదులుతున్నాయి, మాట ఇంకోలా వస్తోంది. తగ్గిందని మెచ్చుకున్న ముప్ఫై మందీ అచ్చం ఒకే మాటలు రాశారు. కంపెనీ ఏ ఊళ్ళో ఉందో ఎక్కడా లేదు. గడియారం పదకొండు నిమిషాల దగ్గర తిరుగుతోంది.

"ఆ రోజూ పదకొండేనే" అంది కనకమహాలక్ష్మి. అందరికంటే ముందు ఆమెకే నవ్వొచ్చింది.

సైబర్ మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించారు. డబ్బు తిరిగొస్తుందో రాదో తెలియదు. ఫిర్యాదు నంబరు మాత్రం ధనశ్రీ తన చేత్తో క్యాలెండరు మీద రాసి పెట్టింది.

కట్టుతోనే చెప్పులేసుకుని కనకమహాలక్ష్మి గానుగకు వెళ్ళిన రోజున ఆ పొడి కంపెనీ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఆమె స్పీకరు పెట్టింది. రెండో కోర్సు పంపిస్తున్నామమ్మా అంది అవతలి గొంతు.

"పంపకమ్మా, నానే వత్తాను. మీ డాక్టరు ఏ ఊర్లో కూకుంటాడో సెప్పు, ఆటో ఎక్కుతాను."

హెడ్డాఫీసు చాలా దూరమమ్మా అంది ఆ గొంతు.

"పర్లేదు, రైలెక్కుతాను. పేరు సెప్పు. గుమ్మం నంబరు సెప్పు."

ఫోన్ కట్టయింది. ఎర్రయ్య పిప్పి మోపు మీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వుల్లోనే చెరకు మోసే శ్రీదేవి, తను పట్టుచీరని డబ్బు కడితే దోమతెర ముక్క వచ్చిందని, ఆర్నెల్లుగా అది బీరువా అడుగున ఉందని బయటపెట్టింది. ఎర్రయ్య నవ్వు తగ్గింది. పురుగుమందు కొట్టే మిషను అని బుక్ చేస్తే తనకూ పిల్లలాడుకునే పంపు వచ్చిందన్నాడు. ఒకే గానుగ దగ్గర ముగ్గురు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆర్నెల్ల కిందట శ్రీదేవి చెప్పి ఉంటే తక్కిన ఇద్దరూ ఒక్క నిమిషం ఆగేవారు.

కాలు చూడటానికొచ్చిన ఆరోగ్యమేరి అక్కడే అందరికీ చెప్పింది. ఫోన్లో చూసి ఏ మందూ కొనొద్దంది. రోజూ వేసుకునే మందును డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా మానొద్దంది. తొందరపెట్టేవాడి దగ్గర, ఊరు పేరు చెప్పనివాడి దగ్గర, ఇంట్లో చెప్పొద్దనేవాడి దగ్గర ఏదీ కొనొద్దంది. "మోసం చేసినవాడు సిగ్గుపడాలి గానీ మీరెందుకు సిగ్గుపడతారు?" అని అడిగింది.

అప్పుడే పాకం ముదిరింది. కనకమహాలక్ష్మి చుక్క తీసి, నీళ్ళలో వేసి, ఉండ చేసి శ్రీదేవి చేతిలో పెట్టింది. నోటి దగ్గరకు తీసుకెళ్ళలేదు.

"ముప్పై ఏళ్ళు రెండో సెయ్యి పడకుండా పెనం దించలేదు నాను. ఫోను కాడికొచ్చేసరికి ఆ మాటే మర్సిపోనాను. ఇక మీదట ఏది కొన్నా మా కోడలికి సూపించే నొక్కుతాను. మీరూ అంతే సెయ్యండి" అంది.

శ్రీదేవి ఉండ నలిపి చూసి దించమంది. పెనం దిగింది.

ధనశ్రీ ఇప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళ గ్లాసు అత్త చేతికిచ్చి, మాత్ర గొంతు దిగేదాకా పక్కన కూర్చుంటుంది. నిఘా పెట్టినట్టు కాదు, కబుర్లు చెబుతూ.

చదివే అక్కలూ, అన్నలూ, మీ ఇంట్లో రోజూ మాత్ర వేసుకునే పెద్ద మనిషి ఎవరో మీకు తెలుసు. ఇవాళే వాళ్ళ పక్కన కూర్చోండి. మాత్ర వేసుకున్నారా అని అడగండి, ఫోన్లో చూసి ఏమైనా తెప్పించుకున్నారా అని కోపం లేకుండా అడగండి. కాళ్ళు మంటలు పుడుతున్నాయా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని కూడా అడగండి. ఆ ఫోన్లో గొంతు అడిగేలోపు మీరే అడగండి.