పద్నాలుగో ప్రశ్న

దేవసేన తన భర్త డబ్బాలో నాలుగు చపాతీలకు బదులు మూడే పెట్టింది. "ఇది గూడా చేతగాదు, ఆఫీసులో ఏం వెలగబెడతాండావో!" అని విసుక్కుంటూ మురళీధరన్ ఆవడి రైలుకు వెళ్ళిపోయాడు.

తిరువళ్ళూరులో ఆమె వెలగబెట్టేది ప్రొబేషన్ ఉద్యోగం. నేరం చేసినవాణ్ణి జైలుకు పంపకుండా ఇంటికి వదిలితే మళ్ళీ తప్పు చేస్తాడా అని ముప్పై ప్రశ్నల ఫారంలో మార్కులు వెయ్యాలి. మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. పద్నాలుగో ప్రశ్న: ఇంట్లోవాళ్ళను కొడతాడా? అవునంటే నాలుగు.

పోయినేడు తిరుత్తణి నేతగాడు నటరాజు మీద కొట్లాట కేసు వచ్చింది. అతని భార్య వళ్ళియమ్మను అడిగితే, "మంచోడే మేడం. కోపమొస్తే చెయ్యి చాపతాడు, అంతే" అంది. తెలుగులో ఆ మాటకు అడగడమని అర్థం. తమిళం కలిసిన ఆ పక్క ఇళ్ళలో కొట్టడమని కూడా అర్థం. కోపమొచ్చినవాడు ఏం అడుక్కుంటాడు? అయినా దేవసేన 'భార్య మీద ఆధారపడతాడు' అని రాసి, సున్నా వేసింది. నటరాజు ఇంటికి పోయాడు.

ఇవాళ ఆ ఫారం సరిగ్గా చెబుతోందా లేదా తేల్చడానికి చెన్నై నుంచి పై అధికారి వేలాయుధం వచ్చాడు.

"నటరాజు మీద కొత్త కేసు లేదు. ఫారం చెప్పింది కరెక్టే. సంతకం పెట్టమ్మా."

నెలనెలా పెట్టే సంతకానికి వచ్చిన మొగుడి పక్కన, వరండాలో వళ్ళియమ్మ కూర్చుని ఉంది. కుడిచేతికి కట్టు. పొద్దున దేవసేన అడిగితే, "మగ్గం గుంతలో పడినాను మేడం" అంది. దేవసేన కూడా ఇదే ఆఫీసు కుర్చీలో కూర్చుని, దెబ్బ చూసి అడిగినవాళ్ళకు బాత్రూంలో జారానని ఎన్నిసార్లు చెప్పలేదు! సిగ్గుతో ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు. కొట్టింది వాడే, కానీ కొట్టడని రాసిచ్చింది తను.

"కేసు లేకపోతే కొట్టనట్టేనా సార్?"

"ఇంకేం పెట్టి కొలుస్తామమ్మా?"

'మావాడు చెయ్యి చాపతాడేగానీ మనసు వెన్న' అని దేవసేన అత్త నలుగురిలో మురిసిపోయేది. ఆ నలుగురూ నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు దేవసేనా నవ్వేది.

ఆమె వళ్ళియమ్మ అప్పుడన్న మాట వేలాయుధానికి చెప్పి, సున్నా కొట్టేసి నాలుగు వేసింది. వేలాయుధం కంగారుపడ్డాడు.

"నటరాజును మళ్ళీ కోర్టుకు పిలుస్తారు, అప్పుడు సున్నా ఎందుకు వేశావని నిన్నూ అడుగుతారు. మాట అర్థం కాలేదని రాసెయ్, పరవాలేదు."

దిద్దడానికి కారణం రాయమన్న చోట దేవసేన రాసింది:

'మాట అర్థమైంది. నా భర్త కూడా నన్ను కొడతాడు. అది తప్పని రాయడానికి సిగ్గుపడి సున్నా వేశాను.'

కింద సంతకం పెట్టింది.