పొగకు పెట్టిన బొల్లి మేక

బొల్లి మేకను కోయమన్నది తిరుపతమ్మే. శబరి ఒడ్డునున్న పుట్టింటి నుంచి అత్తారింటికి ఆమె వెంట నడిచొచ్చిన మేక అది. పిల్లగా ఉన్నప్పుడు తల్లి దగ్గరకు రానివ్వకపోతే గంజి పోసి బతికించుకుంది. అయినా ఊరి కబుర్లు చాటే కొత్వారు వచ్చి, దంతెవాడ బాట పనికి వెట్టి పడిందనీ, ఈసారి వంతు ఆమె మొగుడు ఎర్రయ్యదనీ చెప్పిపోగానే ఆమెకు గుర్తొచ్చింది మేకే. వెట్టికి పోయినవాళ్లకు రాజుగారి మనుషులు తిండి పెట్టరు. తీసుకెళ్లింది తినాలి, అది అయిపోతే పస్తుండాలి. పొగకు ఆరిన మాంసం మూటలో ఉంటే మొగుడు నడుం పడిపోకుండా తిరిగొస్తాడని ఆమె ఆశ.

మాంసాన్ని పొగకు పెట్టడం మాత్రం ఆమెకు రాదు. పుట్టినూళ్లో చేపల్ని ఇసుకలో ఎండేసేవాళ్లు, అంతే. తోడికోడలు సోమమ్మను అడిగింది. ఇద్దరి ఇళ్లకూ ఒకటే వాకిలి.

"ఏముంది చెల్లె, అరచెయ్యంత మందాన కొయ్యి. పచ్చికట్టె పెట్టు, పొగ బాగొస్తది. మంట గట్టిగుండాలె, లేకుంటే ఈగలు ముసురుతయి" అంది సోమమ్మ.

తిరుపతమ్మ అట్లాగే చేసింది. ఇంటి గుంజకు ఆనుకుని చుట్ట కాలుస్తూ ఎర్రయ్య చూస్తూ కూర్చున్నాడు. కళ్లు మండి, ముక్కు కారి, మొహమంతా మసి పూసుకున్నా ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

ముక్కలు తొందరగానే నల్లబడ్డాయి. సంబరపడింది. తర్వాత వాసన మొదలైంది.

ముందు ఉప్పు తక్కువైందనుకుంది. ఇప్పపువ్వు ఇచ్చి సంతలో తెచ్చుకున్న ఉప్పు అంతా దులిపి రాసింది. వాసన పోలేదు. ఈగ వాలిందేమోనని ఒక్కో ముక్కా తిప్పి చూసింది. పురుగు లేదు. చివరికి ఒక ముక్కను చీల్చింది. పైన చెప్పు తోలులా అట్ట కట్టింది, లోపల ఎర్రగా, జిగటగా ఉంది. సోమమ్మకు చూపిస్తే, "మంట చాలలేదు, ఇంకా పెంచు" అంది. పెంచింది. అట్ట ఇంకా గట్టిపడింది. నాలిక మీద పెట్టుకుంటే వేపాకు నమిలినంత చేదు.

మర్నాడు పొయ్యిలో నిప్పు ఆరిపోతే పక్కనున్న దోర్ల తెగ వాళ్లింటికి నిప్పుకోసం వెళ్లింది. ఆ ఇంటామె లక్మే పొయ్యి మీద వెదురు తడిక వేలాడుతోంది. తడిక మీద మాంసం వేలెడు మందం కూడా లేదు, తాళ్లలా పొడుగ్గా ఉంది. పేలికలు ఒకదానికొకటి తగలకుండా ఆరేసి ఉన్నాయి. కింద మంటే లేదు. ఎండు మద్దికట్టె నిప్పుల మీద ఊక చల్లి ఉంది. పొగ సన్నగా, నీలంగా, కంటికి గుచ్చుకోకుండా లేస్తోంది. తిరుపతమ్మ చేతిలో చిప్ప పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఏంది వదినా, నిప్పుకోసం వచ్చినవా, నా తడికకు దిష్టి పెట్టనీకొచ్చినవా?" అని నవ్వింది లక్మే. సంగతి విని ఆమె వెంటే వచ్చింది. ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పుకుంది.

"గింత మందమా? మంటకు పైతోలు మూసుకపోయింది, లోపలి నీరు ఎట్ల బయటికొస్తది? పచ్చికట్టె పొగకు మసి పట్టి చేదైంది. ఎవరు చెప్పిన్రు నీకు?"

తిరుపతమ్మ మిగతా ముక్కల్ని ఒక్కోటీ చీల్చి చూసింది. పక్కటెముకల మీది పల్చటి కండ మాత్రం ఇంకా బాగుంది. అట్ట చెక్కేసి, కండ నార వెంబడి ఎట్లా చీల్చాలో లక్మే చూపించింది. మిగతాదంతా కుక్కల పాలైంది.

"మీ ఆయన్ని అడగకపోయినవా? చిన్నప్పుడు మా నాయిన దగ్గరనే కూసోని కోసేటోడు. గంత సన్నగ కోసేటోడు ఈ గొల్లపల్లిల లేడు" అంది లక్మే వెళ్తూ వెళ్తూ.

ఆ మాట తిరుపతమ్మ లోపల ఎక్కడో దిగబడింది.

ఎర్రయ్య పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది. "నీకు మాంసం కోసుడు వచ్చంట గదా?"

ఎర్రయ్య తలెత్తి, దొరికిపోయినట్టు నవ్వాడు. వాకిట్లో చెరుగుతున్న సోమమ్మ కూడా చేట దింపి నవ్వింది.

"మనింట్ల అట్లనే తిరుపతీ! కొత్త కోడలు మొదటి మాంసం పాడుగావాలె. ఎవరూ చెప్పొద్దు. పాడైతేనే చెయ్యి కుదురుతది" అన్నాడు ఎర్రయ్య.

"నాకు గూడ గిట్లనే జేసిన్రు చెల్లె. అడవిపంది తొడ! కుక్క గూడ ముట్టలే. మీ బావ పొర్లి పొర్లి నవ్విండు."

"అది వేట మాంసం అక్కా. నాది బొల్లి."

సోమమ్మ నవ్వు ఆగింది. చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మేకదేముందే, ఇంకోటి తెచ్చుకుందం. నాకేమన్న తిండికి కరువా? వదిన ఎప్పుడో ఎండు మాంసం మూట కట్టిపెట్టింది" అన్నాడు ఎర్రయ్య సోమమ్మను చూపిస్తూ.

"ఎప్పుడు?"

"కొత్వారు వచ్చిపోయిన పొద్దే."

మేకను కోసింది ఆ మర్నాడు. ముందుకాళ్లు పట్టుకున్నది ఎర్రయ్యే. బొల్లి అరుస్తుంటే తిరుపతమ్మ దాని కళ్లు చేత్తో మూసి, "వెట్టికి పోయే నీ బావకోసమేనే" అని చెవిలో చెప్పింది. ఆ మాట అతను విన్నాడు. విని, కాళ్లు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

తిరుపతమ్మ లోపలికి వెళ్లింది. పొయ్యిలో మంట తీసి, నిప్పుల మీద ఊక చల్లి, మిగిలిన కాసిని పేలికల్ని పైన కొత్తగా కట్టిన తడిక మీద ఎడంగా పరిచింది. ఎర్రయ్య బయలుదేరే పొద్దుకు అవి బాగా ఆరాయి. విరిస్తే పుటుక్కుమంటున్నాయి, చేదు లేదు.

అతనికి బియ్యం కట్టింది, మిరపకాయలు కట్టింది, సొరబుర్రలో నీళ్లు పోసింది. గొంగడి దులిపి భుజాన వేసింది. పేలికలు మాత్రం దించలేదు. అతను మూట తడిమి చూసి, తలెత్తి తడిక వైపు చూశాడు. పొయ్యి ముందు కూర్చున్న తిరుపతమ్మ చెయ్యి అప్పటికే తడిక తాడు మీద ఉంది. "అవి పెట్టవా?" అని ఒక్కమాట అడిగితే చాలు, అన్నీ దించి ఒళ్లో పోసేది.

ఎర్రయ్య గొంగడి సర్దుకుని వాకిట్లోకి నడిచాడు.

"వదినా, నా మాంసం మూటేది?"

తిరుపతమ్మ తాడు వదిలేసింది. ఊక ఇంకో పిడికెడు చల్లి, పేలికల్ని ఒక్కొక్కటే రెండోవైపుకు తిప్పింది.