చీపురు ముట్టని పొద్దు

సగం సర్దిన సంచి ముందు అనురాధ చేతులు కట్టుకుని కూర్చుంది. హైదరాబాదులో క్యాన్సర్ మీద పరిశోధన చేసే సీటు వచ్చింది. "రెండేళ్ళ పిల్లను ఎవరు చూస్తారు?" అని భర్త మారుతి అడిగిన దగ్గరే వారం నుంచీ మాట ఆగిపోయింది. పిల్లను వదిలిపోవడమా, సీటు వదులుకోవడమా తేలడం లేదు.

ఆదోనిలో ఆ ఇంటి నుంచి ఎవరు బయల్దేరినా అత్త అంజినమ్మకు గుండె దడే. మనిషి ఊరు చేరినట్టు కబురు వచ్చేదాకా చీపురు ముట్టదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక్కసారి ముట్టింది. రొమ్ములో గడ్డతో కూతురు నాగవేణి కర్నూలు ఆసుపత్రికి బస్సెక్కిన పొద్దున, "ఏమే, ఇల్లంతా కసువే, కంటికి కనపడదా?" అని భర్త హుసేనప్ప కసిరితే, కళ్ళు తుడుచుకుని ఊడ్చేసింది. నెల తిరక్కముందే బిడ్డను ఆసుపత్రి నుంచి అటే శ్మశానానికి తీసుకుపోయారు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న ఆ మాట ఈ రోజు కోడలి ముందు బయటపడింది.

అనురాధ నవ్వలేదు. "అత్తా, ఒంట్లో కూడా కసువు ఊడ్సే పని జరుగుతాంటాది. ఎంజైములని ఉంటాయి. పాడైన ప్రోటీనుకు ఒక గుర్తు తగిలిస్తాయి. గుర్తు పడిందాన్ని కణం ముక్కలు చేసి పారేస్తాది. నువ్వు జిన్నింగు మిల్లులో మచ్చ పత్తి ఏరి పక్కకేసేదానివే, అట్లా."

"ఏరేది తప్పితే?"

"నేను సదవబోయేది అదే. ఒక్కోసారి కాపలా కాసే మంచిదానికే గుర్తు వేస్తాయి. కాపలా పోతే గడ్డ పెరుగుతాది. ఒక్కోసారి పారేయాల్సినదాన్ని వదిలేస్తాయి. వదినకు ఏది తప్పిందో నాకు తెలీదు. తప్పింది ఆయమ్మ ఒంట్లో అత్తా. నీ చీపురు కాదు."

ముప్పై ఏళ్ళు మిల్లులో పత్తి ఏరి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది అంజినమ్మ. సరుకులు కట్టిన పేపరు ముక్కలు కూడబలుక్కుంటూ చదువు నేర్చింది. "నీకేం తెలుసులే" అనకుండా ఒకరు ఎదురుగా కూర్చుని విడమరిచి చెప్పడం ఆమెకు ఇదే మొదలు. గుండెల మీద నుంచి ఎవరో బరువు దించినట్టయింది. లేచి, దండెం మీది తన రెండు చీరలు తీసి కోడలి సంచిలో పెట్టింది.

"పిల్లను నేను చూసుకుంటా. నువ్వు ఆ గుర్తుల సంగతి చూడు."

అరుగు మీద నుంచి హుసేనప్ప, "నువ్వూ పోతే నాకు కూడెవరు వండుతారు? కసువెవరు ఊడుస్తారు?" అన్నాడు.

"బియ్యం డబ్బాలో ఉండాయి. చీపురు తలుపెనక ఉంది. మేం ఆటో ఎక్కుతానే ఊడ్చుకో. నాకేం భయం లేదు."

మనవరాలు దివ్యను చంకనేసుకుని కోడలి వెనకే ఆటో ఎక్కింది. సందు మలుపులో వెనక నుంచి చీపురు చప్పుడు, చేతకాని చప్పుడు, వినిపిస్తే నవ్వుకుంది. రమ్మని ఎన్ని కబుర్లు వచ్చినా అంజినమ్మ ఆ ఇంటికి మళ్ళీ రాలేదు; ఆ ఇల్లు వదిలి ఆటో ఎక్కింది 2024 జూన్ పదిన, సోమవారం.