ఆంప్లిఫయర్ వెనక చుట్టం

పది గంటలకు పెళ్ళి. తొమ్మిది నలభైకి ఆంప్లిఫయర్ వెనక పాము కనిపించింది.

డిసెంబరు నెల. బాపట్ల చర్చి చుట్టూ మంచు ఇంకా వీడలేదు. పాటల కోసం తెల్లవారినుంచీ ఆన్‌లో ఉన్న ఆంప్లిఫయర్ ఒక్కటే వెచ్చగా ఉంది. చలికి మొద్దుబారిన ఆరడుగుల జెర్రిపోతు దాని వెనక చేరి ఒళ్ళు కాచుకుంటోంది.

తెల్లచీరలో ఉన్న పెళ్ళికూతురు జెస్సీకి భయం పట్టుకుంది. పామును చూసి కాదు. తెనాలి కాలేజీలో జువాలజీ చెప్పే జెస్సీ ఇప్పటికి రెండొందల పాములు పట్టింది. ఆ సంగతి రేపల్లె నుంచి వచ్చిన కాబోయే అత్తగారు కాంతమ్మకు తెలియదు.

"అమ్మకి పామంటే హడల్. పెళ్ళయ్యాక మెల్లగా చెబుదాం" అని పెళ్ళికొడుకు దీపక్ ముందే చెప్పి ఉంచాడు.

ఇప్పుడు నోరు విప్పితే పెళ్ళి ఆగిపోవచ్చు. విప్పకపోతే పాము చస్తుంది. చర్చి పెద్ద ఇస్సాకు అప్పటికే కర్ర ఎత్తాడు.

"కొట్టకండి బాబాయ్! దానికి విషం లేదు!"

కర్ర నేలకు తగిలింది. పాము బాణంలా దూసుకుపోయింది. కాంతమ్మ బెంచీ ఎక్కింది. ఆవిడ వెనకే రేపల్లె పెళ్ళిబస్సంతా బెంచీలెక్కింది.

"కంగారు పడకండి. మీకన్నా దానికే ఎక్కువ కంగారు" అరిచింది జెస్సీ. "పరుగెత్తనివ్వండి. అదే అలిసిపోతుంది."

"పాముకి అలుపేంటమ్మా?" అన్నాడు ఇస్సాకు.

"ఉన్న సత్తువంతా ఒక్క ఊపులో ఖర్చు పెట్టేస్తుంది బాబాయ్. తర్వాత కండరాలు మొరాయిస్తాయి. పైగా నేల చల్లగా ఉంది. కాచుకున్న వేడి కాస్తా దిగిపోతుంది."

పాము నున్నటి నేల మీద జారుతూ మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో వేగం తగ్గింది. అయిదోది పూర్తికాకుండానే వేదిక మెట్టు దగ్గర వాలిపోయింది.

"గుడ్డ సంచి! ఎవరైనా ఇవ్వండి!"

ఎవరూ కదల్లేదు. కాంతమ్మ బెంచీ దిగింది. పెళ్ళిజంట మోకరించే దిండుకున్న గలీబు లాగి జెస్సీ వైపు విసిరింది. క్షణంలో పాము అందులో ఉంది.

"ఏమ్మా" అంది కాంతమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "పోయిన వానాకాలం మా బాత్రూంలో పాము దూరి, పాములు పట్టేవాళ్ళకి ఫోన్ చేస్తే, నన్ను స్టూలెక్కించింది నువ్వేనా? అచ్చం ఇదే మాట. మీకన్నా దానికే ఎక్కువ కంగారు!"

జెస్సీ తల దించుకుంది. "ఆ ఫోన్ మీదేనా అత్తయ్యా?"

"పెళ్ళిచూపులప్పుడు నీ గొంతే పెగల్లేదు. ఎలా పోల్చుకునేది? ఆ రోజు నిన్నేమని దీవించానో గుర్తుందా?"

"మంచి అత్తగారు దొరకాలన్నారండి."

"మరి దొరికిందా?"

చర్చి అంతా గొల్లున నవ్వింది. దీపక్ ఊపిరి పీల్చుకున్నాడు.

గలీబు లేని దిండు మీదే మోకరించారు. పదింపావుకు ఉంగరాలు మారాయి. పామును వదలడానికి వెళ్ళిన ఇస్సాకు అప్పుడే తిరిగొచ్చాడు.

"పొలం గట్టున ఇప్పుడే వచ్చిన ఎండలో పెట్టానమ్మా. కదలట్లేదు."

"అలుపు తీరాలిగా బాబాయ్. ఒళ్ళు వేడెక్కితే భోజనాల వేళకి అదే లేస్తుంది."

"భోజనాలకా!" అంటూ కాంతమ్మ మళ్ళీ బెంచీ ఎక్కింది.