చిరగని పొర

జపాన్‌లోని తోయామాలో టోఫు అనే మెత్తటి సోయా జున్ను అమ్ముకునే షిగెజోకి పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్‌కు ముందు అతను సర్జన్ హయసాకాను ఒక్కటే అడిగాడు.

"తీసేశాక మళ్ళీ రాదు కదా డాక్టరమ్మా?"

"రానే రాదని మాటివ్వలేను. నా చేతిలో ఉన్నంతవరకు చేస్తాను," అందామె. "ముందు గడ్డకు వెళ్ళే రక్తనాళాలు కట్టేస్తాను. గడ్డను నలపను. దాని చుట్టూ కొవ్వు, లింఫు గ్రంథులు ఒక పలచటి పొరలో ఉంటాయి. ఆ పొర చిరగకుండా అంతా ఒక్క మూటగా తీయాలి."

"నీళ్ళలోంచి టోఫు ఎత్తినట్టన్నమాట. గట్టిగా పట్టుకుంటే పిండే మిగులుతుంది."

"ఊరుకోవయ్యా, ఆవిడకు నువ్వు నేర్పుతావా?" అని భార్య కినుయె కసిరింది.

ఆపరేషన్ అయ్యాక హయసాకా కినుయెను చిన్న గదిలోకి పిలిచింది. తీసినదాన్ని ఇంటివాళ్ళకు చూపించడం అక్కడ మామూలే. పళ్ళెంలో పసుపుపచ్చటి కొవ్వు చుట్టుకున్న పేగు ముక్క ఉంది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించింది.

"చూడండి, పొర ఎక్కడా చిరగలేదు."

కళ్ళు తిరుగుతాయేమోనని భయపడుతూ వచ్చిన కినుయె, తీరా వచ్చాక వంగి మరీ చూసింది.

"ఎంత పొందిగ్గా ఉందమ్మా. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్క పొట్లం ఇలా కట్టి ఎరగడు."

హయసాకా నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

ఇక పేగు మేలుకోవాలి. గాలి పోతేగాని గంజి పెట్టరు. షిగెజో సెలైన్ స్టాండు లాక్కుంటూ వరండాలో పచార్లు చేశాడు. ఒక ఉదయం సరిగ్గా హయసాకా వచ్చి అతని మంచం ముందు నిలబడి ఉండగా, గదంతా వినబడేలా ఆ పని జరిగిపోయింది. పక్క మంచం ముసలాయన మొరొబొషి లేచి కూర్చుని, తల వంచి, "అభినందనలండీ," అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. షిగెజో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఈయనకు గంజి తెప్పించండి," అంది హయసాకా నర్సుతో.

తీసిన ముక్క పరీక్ష ఫలితం వినడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళారు. కోసిన అంచుల్లో, గ్రంథుల్లో ఎక్కడా క్యాన్సర్ లేదు. వేరే మందులు అక్కర్లేదని, పరీక్షలకు మాత్రం తప్పకుండా రావాలని హయసాకా చెప్పింది.

తిరుగు బస్సులో షిగెజో పక్కకు చూశాడు. "ఏమిటే, ఏడుస్తున్నావా?"

"నవ్వుతున్నాను. కనబడ్డంలేదూ?"

దిగాల్సిన చోటు దాటిపోయింది. ఇద్దరిలో ఎవరూ బస్సు ఆపమని గంట నొక్కలేదు. బస్సు సముద్రం ఒడ్డున ఆఖరి స్టాపులో ఆగాక దిగి, ఒక బండి దగ్గర మెత్తగా ఉడికిన ముల్లంగి ఒకే గిన్నెలో పెట్టించుకుని, ఊదుకుంటూ తిన్నారు.